తొమ్మిదో ముడి

బల్ల మీద రెండు స్విచ్చులు పక్కపక్కన పెట్టి మేనకోడలు నడుం మీద చెయ్యి వేసుకుంది.

"చూసి చెప్పు మామయ్యా. ఏది ఉంచుకోను, ఏది తిరిగిచ్చేయను?"

 ముడుల మేస్త్రి దేనికీ వెంటనే ఏమీ అనడు. ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి బరువు చూశాడు. గోడ మీద నొక్కే దీపాల స్విచ్చులు కావివి. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి ఒకచోట కలుసుకునే డబ్బాలు. ఒకటి తెల్ల ప్లాస్టిక్‌ది, సబ్బుపెట్టెకి అన్నలా ఉంది, ఎనిమిది కన్నాలు. రెండోది నల్లటి ఇనుప రేకుది, మూరెడు పొడుగు, పదహారు కన్నాలు, వెనకాల చిన్న ఫ్యాను.

"తెల్లది ఇంటికి. నల్లది ఆఫీసుకి" అన్నాడు చివరికి.

"అబ్బో, పెద్ద రహస్యం చెప్పావు! అది కొట్టాయనా చెప్పాడు. మరి ఇది ఇల్లా, ఆఫీసా? అది చెప్పు."

చెప్పడం కష్టమే. మేడ మీద అక్క ఉంటుంది. కింద రెండు గదుల్లో మేనకోడలి ఆఫీసు. డాక్టర్లు రోగుల సంగతులు నోటితో చెప్పి పంపిస్తారు, ఈ పిల్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు చెవులకి డిప్పలు తగిలించుకుని అవి విని టైపు చేస్తారు. ఇప్పుడు ఏడుగురున్నారు. వచ్చే నెల ఇంకో ఐదుగురు వస్తున్నారు. ఆ రోజు ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. కుర్చీల వీపుల మీద చెవి డిప్పలు వేలాడుతున్నాయి. మేస్త్రికి అటు చూడబుద్ధి కాలేదు. వినేవాళ్ళు లేని చెవుల్లా ఉన్నాయవి.

"కొట్టాయన ఏమన్నాడో విను" అంది మేనకోడలు. "తెల్లది అమాయకురాలట. తలుపు తెరిచి పెట్టుకుని కూర్చుంటుంది, ఎవరొచ్చి తగులుకున్నా రమ్మంటుంది, ఎవరని అడగదు. నల్లది గయ్యాళిది. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎంతసేపున్నారు, అన్నీ రాసుకుంటుంది. నచ్చకపోతే మొహం మీదే తలుపేస్తుంది. ఇంకా, వైర్లోంచే కరెంటు కూడా పంపుతుందట. అవతల ప్లగ్గు అక్కర్లేదు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నీ మాట చెప్పు."

"నా మాట ఒకసారి చెప్పాను. దాంతో అయింది."

మేనకోడలు తెల్ల డబ్బాని కాస్త పక్కకి జరిపింది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

మేస్త్రి, బావ కలిసి ముప్పై ఏళ్ళు వైర్లు లాగారు. ముందు టెలిఫోన్లవి, తర్వాత కంప్యూటర్లవి. బావ అంటే అక్క మొగుడు. మేస్త్రి చదివింది మూడో తరగతి. అక్షరాలంటే చేతులు వణికేవి. వైరు చివర నంబరు రాసి కాగితం అంటించడం అందరూ చేసే పని. అతను మాత్రం ఎర్రదారం కట్టి ముడులు వేసేవాడు. మూడో వైరుకి మూడు ముడులు, ఏడో వైరుకి ఏడు. కాగితమైతే చెమటకి ఊడిపోతుంది. ముడి ఊడదు. సీలింగు పైన చీకట్లో చెయ్యి పెట్టి తడిమితే ఏ వైరో వేళ్ళే చెప్పేస్తాయి. మొదట్లో నవ్విన బావే తర్వాత తనూ ముడులు వేయడం మొదలుపెట్టాడు. బావది ఎడమచేతి వాటం. అతని ముడి ఎడమకి ఒరిగి ఉండేది. ఎవరు కట్టిన వైరో కూడా వేళ్ళకి తెలిసిపోయేది.

పనిలో ఇంకో పద్ధతి ఉండేది వాళ్ళకి. ఒకడు పైన సీలింగులో, ఒకడు కింద స్విచ్చి దగ్గర. పైవాడు వైరు తగిలించి అరుస్తాడు, "మూడోది! వచ్చిందా?" కిందివాడు స్విచ్చి మీద మూడో దీపం చూసి "వచ్చింది" అనాలి. పలక్కపోతే ఇంకోసారి. ఇంకోసారి. మూడుసార్లు పిలిచినా కింద నుంచి చప్పుడు లేకపోతే పైవాడు పనాపేసి నిచ్చెన దిగి రావాలి. కిందివాడికి కరెంటు కొట్టి ఉండొచ్చు. నిజంగానే ఒకసారి అలా దిగొచ్చి చెక్కతో కొట్టి బావ అతన్ని వైరు నుంచి విడిపించాడు. ఆ మచ్చ ఇంకా మోచేతి దగ్గర ఉంది.

వాళ్ళిద్దరి మధ్యా చిచ్చు పెట్టింది ఇదిగో ఈ తెల్ల డబ్బాయే. ఒక కళ్ళాసుపత్రి పనిలో బావ ఆఫీసు రకం పెడదామన్నాడు. మేస్త్రి విన్లేదు. దీపాలు వెలగడానికి ఏదైతేనేం అన్నాడు. రేకు సీలింగు పైన, ఎండకి కాగే చోట తెల్ల డబ్బా పెట్టాడు. మూడో నెలలో అది ఉడికి ఊరుకుంది. కళ్ళల్లో మందు వేయించుకుని మసకమసకగా కూర్చున్న నలభైమంది రోజంతా అలాగే కూర్చున్నారు. ఆసుపత్రివాళ్ళ తిట్లు బావ ఒక్కడే నిలబడి తిన్నాడు. బావమరిది పేరు ఎత్తలేదు. ఇంటికొచ్చాక మాత్రం అన్నాడు, "ఇంటి సామాను ఆఫీసులో పెడితే ఇంతేరా."

"నీ కూతురి ఆఫీసులో ఉన్నదీ అదేగా?"

"అదీ మారుస్తా."

"మార్చుకో. నన్ను మాత్రం పిలవకు."

కోపంలో అన్న మాట. అన్నవాడికే మర్నాటికి చప్పబడింది. కానీ బావ పిలిస్తే బెట్టు చేశాడు. మేనకోడలితో కబురొచ్చింది, "నాన్న రమ్మంటున్నాడు, వైరు అవతలి కొస పట్టుకోడానికి మనిషి కావాలట." వెళ్ళలేదు. పది రోజులకి మళ్ళీ కబురు. వెళ్ళలేదు. మూడోసారి కబురొచ్చినప్పుడు "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు పొద్దున్న బావ గుండె పట్టుకుని కుర్చీలోనే ఒరిగిపోయాడు.

ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి అక్క అతనితో మాట్లాడదు. తలుపు మొహం మీద వేయదు, తిట్టదు, ఏడవదు. ఊరికే, మాట్లాడదు. చిన్నప్పుడు అతనికి జడుపు జ్వరమొస్తే రాత్రంతా చంకనేసుకు తిరిగిన అక్క. ఒక్క మాట అంటే చాలు, తిట్టయినా సరే, అని అతను ఎన్నిసార్లు ఈ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయాడో లెక్కలేదు. ఇవాళ మేనకోడలు పిలవగానే సంచి భుజాన వేసుకుని వచ్చింది స్విచ్చి కోసం కాదు.

పై నుంచి అక్క గొంతు వినపడింది. "ఏమే, ఆయనకి మంచినీళ్ళు కావాలేమో అడుగు."

ఆయన! తోడబుట్టినవాడిని పట్టుకుని ఆయన. మేస్త్రి తల వంచుకుని సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"నల్లదే పెడదాం" అన్నాడు.

మెట్ల కింద గూట్లో ఉంది పాత స్విచ్చి. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో వైరూ ఊడదీసి, ముడులు తడిమి, అదే వరసలో కొత్తదానికి తగిలించసాగాడు. కొన్ని తన ముడులు, కొన్ని బావవి. ఎడమకి ఒరిగిన ముడి వేలికి తగిలినప్పుడల్లా కాస్త ఆగేవాడు. ఎనిమిదోది అయిపోయింది. ఎనిమిది దీపాలూ వెలిగాయి.

గూడు తుడుద్దామని చెయ్యి లోపలికి పెట్టాడు. వెనకాల, గోడకి ఆనుకుని, ఇంకో వైరు తగిలింది. చివర చక్కగా క్లిప్పు కొట్టి ఉంది. ఎందులోనూ పెట్టి లేదు. దారం తడిమాడు. ఎడమ వాటం ముడులు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది.

తప్పు లెక్కపెట్టాననుకున్నాడు. మళ్ళీ తడిమాడు. తొమ్మిది. కళ్ళద్దాలు పెట్టుకుని దీపం కింద చూస్తూ మూడోసారి లెక్కపెట్టాడు. తొమ్మిదే.

"ఏంటి మామయ్యా, అలా చూస్తున్నావు?"

"ఎనిమిది కన్నాల డబ్బా దగ్గర తొమ్మిదో వైరు ఉంది."

"ఉంటే?"

"ఉండకూడదు. దీనికి కన్నం లేదు. లేని కన్నానికి వైరు లాగాడు మీ నాన్న."

మేనకోడలు వంగి గూట్లోకి చూసింది. "ఎక్కడికి వెళ్తోందది?"

వైరు గోడలోకి పోయి మెట్ల వారగా పైకి ఎక్కింది. అంతవరకే తెలుస్తోంది. పైన అక్క గది. ఆ గదిలోకి ఇప్పుడు కూతురు తప్ప ఎవరూ పోరు. మేస్త్రి వైరుని మెల్లిగా లాగి చూశాడు. అవతల గట్టిగా ఉంది. ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

అవతలి కొస పట్టుకోడానికి మనిషి కావాలన్నాడు బావ. అది ఈ వైరే. మనిషి రాకపోయేసరికి ఒక్కడే లాగినట్టున్నాడు.

అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, నల్ల స్విచ్చి తొమ్మిదో కన్నంలో వైరు పెట్టాడు. టిక్కుమంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్న దీపం పసుపుగా వెలిగి, రెండుసార్లు ఆరి, పచ్చగా నిలబడింది.

ముప్పై ఏళ్ళ పనివాడికి ఆ దీపం అర్థం తెలుసు. అటు చివర ఏదో ఉంది. ఇప్పుడే లేచింది.

"ఎవరని చెబుతోందో చూడు" అన్నాడు. 

మేనకోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. కొత్త స్విచ్చి రాసుకునే పేజీ తెరిచింది. "తొమ్మిదోది... ఉంది. రెండు నిమిషాలైంది వచ్చి. కరెంటు తాగుతోంది మామయ్యా, మన వైర్లోంచే. పేరు దగ్గర ఏదో నంబరు ఉంది, అంతే."

"కంప్యూటరా?"

"పైన కంప్యూటరెక్కడుంది? అమ్మకి ఫోనే సరిగ్గా నొక్కడం రాదు."

గయ్యాళిదని పేరే గానీ అదీ అంతకు మించి చెప్పలేదు. మేనకోడలు కుర్చీ వెనక్కి జరిపి మెట్ల వైపు చూసింది. పైన గిన్నె పెట్టిన చప్పుడు. తర్వాత అదీ లేదు. కొత్త స్విచ్చి వెనక ఫ్యాను సన్నగా తిరుగుతోంది, నిద్రలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

"అమ్మని అడిగొస్తాను."

"వద్దు" అన్నాడు మేస్త్రి. ఎందుకు వద్దన్నాడో అతనికే తెలీదు. అక్క ఉంటున్న గదిలో బావ చెయ్యి పెట్టిందేదో లేచిందని చెబితే ఆమె ఏమవుతుందో అని భయం. ఇంకో భయం కూడా ఉంది, అది మాటల్లోకి రాదు. "తలుపేసెయ్యి. దాన్ని ఆపేసెయ్యి. నచ్చకపోతే తలుపేస్తుందన్నావుగా."

"నాన్న వేసిన వైరు మామయ్యా."

"అందుకే."

ఇద్దరూ కాసేపు అలా వాదించుకుంటూ ఉండిపోయారు, పక్కగదిలో రోగి ఉన్నట్టు గొంతులు తగ్గించి. అతను ఆపమంటాడు, ఆమె ఉండనీ అంటుంది. మేనకోడలిది తండ్రి పట్టుదల. చివరికి "సరే, నీ పని, నీ ఇష్టం" అని మౌస్ మీద చెయ్యి వేసింది. గోడ గడియారంలో నాలుగైంది.

పై నుంచి మొగగొంతు వినపడింది.

"తొమ్మిదోది! వచ్చిందారా?"

మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. 

బావ గొంతు. అనుకరణ కాదు, పోలిక కాదు. ఆ చివర "రా" దగ్గర కాస్త సాగదీయడం, సీలింగు దుమ్ముకి గొంతు గీసుకోవడం, అంతా అదే. ముప్పై ఏళ్ళు ఆ పిలుపుకి అతని నోరు తనంతట తనే పలికేది. ఇప్పుడు నోరు తెరుచుకుంది గానీ అందులోంచి ఏమీ రాలేదు.

పైన నిశ్శబ్దం. పిలిచినవాడు జవాబు కోసం ఆగే నిశ్శబ్దం. ఎంతసేపు ఆగుతాడో మేస్త్రికి తెలుసు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు.

"ఒరేయ్, తొమ్మిదోది! వచ్చిందా?"

"మామయ్యా..." అంది మేనకోడలు. కళ్ళు మూసుకుని ఉంది. రోజంతా గొంతులు వినే పిల్ల, గాలిలోకి తల వంచి వింటోంది. "వెనకాల ఫ్యాను చప్పుడుంది. మన ఇంట్లో ఫ్యాను కాదది. ఎక్కడో రికార్డు చేశాడు. స్పీకరు... తెల్లగా గుండ్రంగా ఒకటి కొన్నాడు, అమ్మ గదికని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద నుంచి పిలిస్తే వినపడాలని. అదే ఇది. ఎక్కడో పెద్ద స్విచ్చికి తగిలించి తన గొంతుతో పరీక్ష చేసుకున్నాడు."

ఆమె చెప్పేదంతా మేస్త్రికి అర్థమవుతూనే ఉంది. యంత్రం. రికార్డు. పరీక్ష. పరీక్ష చేయాలంటే బావ నోటికి వచ్చేది అదొక్కటే, బావమరిదిని పిలవడం. మాట్లాడుకోని రోజుల్లో కూడా. అంతా అర్థమైంది. అయినా పది అంకెలూ లోపల దొర్లుతున్నాయి. మూడోసారి వస్తుంది. మూడోసారి పలక్కపోతే...

"తొమ్మిదోదిరా! వచ్చిందా, లేదా?"

పలుకు, పలుకు అనుకున్నాడు. ఆ మూడు కబుర్లూ వచ్చి గొంతులో కూర్చున్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది.

"సరే, ఉండు. నేనే దిగొస్తున్నా" అంది గొంతు.

టక్కుమని ఆగిపోయింది.

ఆ తర్వాత మెట్ల మీద అడుగు చప్పుడు.

చెప్పుల చప్పుడు. ఎడమ చెప్పు కాస్త ఈడ్చే చప్పుడు. ఆ చెప్పులు మేస్త్రికి తెలుసు. ఎడమదానికి మడమ దగ్గర అట్ట అరిగిపోతే వైరు ముక్కతో కుట్టింది తనే. ఒక మెట్టు. ఇంకో మెట్టు. ఆగింది. మళ్ళీ ఒకటి. మేనకోడలు లేచి నిలబడింది. మేస్త్రి తల ఎత్తలేదు. మెట్ల సందులోంచి కనపడే చోటికి ఆ చెప్పులు వచ్చాయి, అవే, నల్లవి, పెద్దవి.

వాటిలో చిన్న పాదాలున్నాయి.

అక్క చెయ్యి గోడకి ఆనించి, ఒక్కో మెట్టూ కూడదీసుకుని దిగుతోంది. మొహంలో నెత్తురు లేదు. చివరి మెట్టు దగ్గర ఆగి, మెట్ల కింద ముడుచుకు కూర్చున్న తమ్ముడిని చూసింది.

"ఒరేయ్" అంది. "అన్నిసార్లు పిలుస్తుంటే పలకవేంరా? నోట్లో ఏముంది?"

ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట.

మేస్త్రి నోరు అప్పుడు తెరుచుకుంది. అక్కకి జవాబు చెప్పలేదు. ఆమె తల మీదుగా, మెట్ల పైకి చూస్తూ అన్నాడు.

"వచ్చింది బావా."

అక్క ఆ చివరి మెట్టు మీదే కూలబడింది. కూతురు వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.  స్విచ్చి తొమ్మిది దీపాలతో ఆడుతూ ఉంది.

"సీలింగుకి గుండ్రంగా ఏదో బిగించారు. దీపం అనుకున్నా" అంది అక్క. "ఎప్పుడూ వెలగలేదు. 'మీ తమ్ముడు వస్తే వెలుగుతుందిలే' అనేవారు మీ నాన్న. వేళాకోళం అనుకున్నా." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "మళ్ళీ పిలుస్తారా?"

మేనకోడలు కంప్యూటరు వైపు వెళ్ళి చాలాసేపు వెతికింది. "రోజూ నాలుగింటికి అని పెట్టాడమ్మా. పరీక్ష అయ్యాక తీసేద్దామనుకుని ఉంటాడు. నేను తీసేయగలను. లేకపోతే ఆ తొమ్మిదోదాన్నే మూసేయగలను. నువ్వు చెప్పు."

అక్క తమ్ముడిని చూసింది. తమ్ముడు నేల చూశాడు.

"రేపు నాలుగింటికి రా" అంది అతనితో. "రోజూ దిగడం నా వల్ల కాదు. పిలిస్తే మొదటిసారే పలుకు."

మర్నాడు మూడుంబావుకే మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. టైపు చేసే ఆడవాళ్ళు లోపలి గదిలో చెవి డిప్పలు పెట్టుకుని ఉన్నారు, వాళ్ళకి బయట ఏమీ వినపడదు. దిగలేనన్న అక్కే ముందుగా కిందికి దిగి మెట్టు మీద కూర్చుంది, వట్టి కాళ్ళతో. ఆ చెప్పులు పైన, తలుపు పక్కన, ఎప్పుడూ ఉండే చోట వదిలి వచ్చానంది. ఇద్దరికీ చెరో గ్లాసు టీ తెచ్చింది మేనకోడలు. ఎవరూ తాగలేదు.

నాలుగైంది.

"తొమ్మిదోది! వచ్చిందారా?"

"వచ్చింది బావా" అన్నాడు మేస్త్రి, గట్టిగా, ఇల్లంతా వినపడేలా. మొదటి పిలుపుకే.

అక్క తల ఊపింది. ఆమె పెదవుల మీద ఏదో నవ్వులాంటిది వచ్చింది.

పది అంకెలు గడిచాయి.

"ఒరేయ్, తొమ్మిదోది! వచ్చిందా?"

"వచ్చింది!" అన్నాడు మళ్ళీ. గ్లాసు కింద పెట్టాడు. యంత్రానికి చెవులుండవని అతనికి తెలుసు. ముప్పై ఏళ్ళ పనివాడికి తెలీదా? అయినా లేచి నిలబడ్డాడు. "వచ్చింది బావా, పచ్చగా ఉంది, వచ్చింది!"

"తొమ్మిదోదిరా! వచ్చిందా, లేదా?"

అతను ఇంక పలకలేదు.  ఇద్దరూ మెట్ల పైకి చూశారు.

"సరే, ఉండు. నేనే దిగొస్తున్నా."

టక్కుమని ఆగింది.  అక్క తన గ్లాసు తీసుకుని, మెట్టు మీద ఒక వారకి జరిగి, మనిషి పట్టేంత దారి ఇచ్చింది.